న్యూజెర్సీలో క్యారీ పర్మిట్ తిరస్కరించారు, 30 రోజుల గడువు నడుస్తోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి

రారిటన్ తీరం:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీ మధ్య భాగంలో పాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే చిన్న కొట్టు నడుపుతున్నాను. గ్రీన్ కార్డు వచ్చి చాలా ఏళ్లయింది. పౌరసత్వానికి ఇంకా దరఖాస్తు పెట్టలేదు. రాత్రి కొట్టు కట్టేశాక ఆ రోజు వచ్చిన నగదు సంచిలో పెట్టుకుని, వెనక ఉన్న చీకటి పార్కింగ్ దాటి కారు దగ్గరికి వెళ్లాలి. మా వీధిలోనే ఇద్దరు కొట్లవాళ్లను అలా కాపు కాసి దోచుకున్నారు. కొట్టులో ఉంచుకోవడానికి పిస్టల్ ఇదివరకే చట్టప్రకారం కొన్నాను. గడప దాటితే దాన్ని వెంట ఉంచుకునే వీలు లేదు కాబట్టి క్యారీ పర్మిట్ అడిగాను.

శిక్షణ, కాల్పుల పరీక్ష, నలుగురు రిఫరెన్సులు, 200 డాలర్ల రుసుము, అన్నీ సక్రమంగా జరిగాయి. నిన్న పోలీసు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మొత్తం రెండే పేరాలు. ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం దృష్ట్యా ఇవ్వలేమని రాసి, 2సి:58-3సి(5) అనే సెక్షను ఉదహరించారు. రెండు కారణాలు చూపారు. మొదటిది, కొన్నేళ్ల కిందట ఒక కస్టమర్ నా మీద పెట్టిన దాడి ఫిర్యాదు. దొంగిలించిన సరుకుతో బయటికి వెళ్తుంటే ఆపానని అతను కేసు పెట్టాడు, మున్సిపల్ కోర్టు కొట్టేసింది. ఆ సంగతి దరఖాస్తులో నేనే రాశాను. రెండోది, ఒక రాత్రి మా ఇంటికి పోలీసులు రావడం. ఆ రోజు నేనూ మా అన్నయ్యా ఊళ్లో పొలం పంపకాల గురించి ఫోన్లో గట్టిగా మాట్లాడుకుంటున్నాం. స్పీకర్ పెట్టి ఉంది. పక్కింటివాళ్లు ఇంట్లో కొట్లాట అనుకుని 911కు ఫోన్ చేశారు. పోలీసులు వచ్చి, నా భార్యతో విడిగా మాట్లాడి, కేసేమీ రాయకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను ఏమి చేయాలి? మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంటున్నారు కొందరు. నాకు నేరస్థుడి ముద్ర వేసినట్లుంది. రాత్రంతా నిద్ర లేదు.

వేదిక నిర్వాహకుడు:
ఉత్తరం ఫోటో ఇక్కడ పెట్టవద్దు. కేసు నంబరు, ఊరి పేరు, అధికారి పేరు ఏవీ రాయవద్దు. ఇక్కడ వచ్చే సలహాలు లాయరు సలహాకు బదులు కావు.

పాత కాపు:
రారిటన్ గారూ, ముందు ఆ ఉత్తరం మీద తేదీ చూడండి. ఇకనుంచి ఆ తేదీయే మీకు ముఖ్యం. తిరస్కరించిన నాటి నుంచి 30 రోజుల్లోగా మీరు నివసించే కౌంటీ సుపీరియర్ కోర్టుకు విచారణ కోరుతూ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. దానికి పెద్ద పిటిషను అక్కర్లేదు, కోర్టు రుసుమూ లేదు. చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. అర్జీ ప్రతులు స్టేట్ పోలీస్ సూపరింటెండెంట్‌కు, కౌంటీ ప్రాసిక్యూటర్‌కు, మీ ఊరి పోలీసు చీఫ్‌కు పంపాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, పచ్చ రసీదులు భద్రంగా దాచండి. మా బావమరిది వ్యవహారంలో ఒక కార్యాలయం అర్జీ అందలేదని చెప్పింది. రసీదు చూపాకే కదిలింది.

కొత్త దరఖాస్తు గురించి మీకు సలహా ఇచ్చినవాళ్లు ఒక విషయం మరచిపోయారు. న్యూజెర్సీ ఫారాల్లో "ఇంతకుముందు మీకు ఎప్పుడైనా తుపాకీ కార్డు గానీ పర్మిట్ గానీ నిరాకరించారా" అనే ప్రశ్న ఉంటుంది. ఈ తిరస్కరణను అలాగే వదిలేస్తే ఇక ప్రతి ఫారంలోనూ అవును అని రాసి, కారణం వివరిస్తూ ఉండాలి. పైగా అదే చీఫ్ బల్లమీదికి అవే కాగితాలు వెళ్తాయి, అదే జవాబు వస్తుంది. కోర్టుకు వెళ్లండి.

ఇంకొకటి. మీకు ఇదివరకు ఇచ్చిన తుపాకీ ఐడీ కార్డు, పిస్టల్ కొనుగోలు పర్మిట్, ఈ దాడి ఫిర్యాదుకు ముందు వచ్చాయా, తర్వాతా?

రారిటన్ తీరం:
తర్వాతే. కేసు కొట్టేసిన మరుసటి ఏడాది ఇదే పోలీసు శాఖ ఇచ్చింది. అప్పుడు కూడా ఆ ఫిర్యాదు సంగతి రాశాను.

పాత కాపు:
అయితే మీ చేతిలో మంచి ఆధారం ఉంది. అదే శాఖ, అదే ఫిర్యాదు తెలిసి, అదే సెక్షను కింద మిమ్మల్ని అనర్హుడు కాదని ఒకసారి తేల్చింది. ఆ కార్డు ప్రతి, ఆనాటి దరఖాస్తు ప్రతి తీసి పెట్టుకోండి.

డాలస్ మామయ్య:
ఇదంతా చదువుతుంటే బాధగా ఉంది తమ్ముడూ. మా టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, అనర్హత లేనివారు 21 ఏళ్లు దాటితే పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను, 40 డాలర్లే. ఎందుకంటే బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికే దాని నుంచి మినహాయింపు. పర్మిట్ అక్కర్లేదు కదా అని తిరిగేవారికి ఆ మినహాయింపు లేదు. మన పిల్లలను బడి దగ్గర దింపే తండ్రులు చాలామందికి ఇది తెలియదు.

ఇక్కడా తిరస్కరణలు ఉన్నాయి. పిల్లల పోషణ బకాయి, రాష్ట్ర పన్ను బకాయి ఉన్నా లైసెన్సు ఇవ్వరు. తిరస్కరిస్తే 30 రోజుల్లో విచారణ అడగాలి, జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే చిన్న స్థానిక కోర్టులో వింటారు.

కొత్త వసంతం:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అర్జీ ఆమోదమైంది. పార్ట్‌నర్‌తో కలిసి పెట్రోలు బంకులో పెట్టుబడి పెట్టాను. నేను దరఖాస్తు చేయవచ్చా? మా కొలీగ్ ఒకాయన డీలర్‌ను అడిగితే "ఏమీ కాదు, రాసేయండి" అన్నాడట.

కోర్టు మెట్లు:
ఈ వేదికలో ఉన్న న్యాయవాదుల్లో నేనూ ఒకరిని. న్యూజెర్సీలోనే పనిచేస్తున్నాను. కొత్త వసంతం గారూ, దయచేసి ఆగండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. 18 యూఎస్‌సీ 922(జీ)(5)(బీ). హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ దాని కిందికే వస్తాయి. ఐ-140 ఆమోదం వల్ల ఏమీ మారదు. వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. కానీ దాన్ని ఆధారం చేసుకుని పెట్రోలు బంకులో పిస్టల్ పెట్టుకోవాలనుకుంటే నేను మాత్రం వద్దనే అంటాను. డీలర్ దగ్గర నింపే ఫారం 4473లో వీసా గురించిన ప్రశ్న సూటిగా ఉంది. అక్కడ అబద్ధం రాస్తే అది వేరే నేరం.

గ్రీన్ కార్డు చేతికి వచ్చాక కూడా ఒక మాట గుర్తుంచుకోండి, రారిటన్ గారు కూడా ఇది చదవాలి. వలస చట్టంలో తుపాకీ నేరాలకు ప్రత్యేక క్లాజు ఉంది. అమెరికాలోకి ప్రవేశించిన తర్వాత ఎప్పుడైనా తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని దేశం నుంచి పంపించవచ్చు. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారన్నది దానికి అడ్డు కాదు. న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవడం రెండో శ్రేణి నేరం, 5 నుంచి 10 ఏళ్ల జైలు, గ్రేవ్స్ చట్టం కింద కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా గడపాలి. పౌరుడికి అది జైలు. మనలాంటివారికి జైలు, ఆపైన విమానం టికెట్టు. అందుకే పర్మిట్ రాకముందు "ఈ ఒక్క రాత్రికి" అంటూ జేబులో పెట్టుకుని కొట్టు దాటవద్దు. ఇది మీకు మొదట చెప్పాల్సిన మాట.

రారిటన్ తీరం:
అర్థమైంది మేడం. కొట్టు నుంచి ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తే తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలోనే తీసుకెళ్తున్నాను. కొట్టులో ఉంచుకోవడం అయినా సరైనదేనా? ఇప్పుడు అన్నిటి మీదా అనుమానం వస్తోంది.

కోర్టు మెట్లు:
యజమానిగా మీ వ్యాపార స్థలంలో ఉంచుకోవచ్చు. మీ దగ్గర జీతానికి పనిచేసే కుర్రాడికి ఆ మినహాయింపు లేదు. మీరు లేని వేళ అది అతని చేతికి అందేలా ఉంచవద్దు.

ఇక మీ తిరస్కరణ గురించి. మీ ఉత్తరంలో రాసిన ఈ సి(5) సెక్షను చాలా విశాలమైనది. 2022 జూన్ 23న అమెరికా సుప్రీం కోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చేవరకు న్యూజెర్సీ "తగిన అవసరం" నిరూపించమని అడిగేది. మీలాంటి కొట్ల యజమానులకు దాదాపు ఎవరికీ ఇచ్చేవారు కాదు. తీర్పు తర్వాత ఆ షరతు పోయింది. కానీ అదే ఏడాది డిసెంబర్ 22న గవర్నర్ సంతకం చేసిన కొత్త చట్టం నలుగురు రిఫరెన్సులు, ఇంటర్వ్యూలు, స్వభావం పరిశీలన వంటివి చేర్చింది. అవసరం చూపించమనే ప్రశ్న పోయాక, నువ్వు ఎలాంటివాడివి అనే ప్రశ్న ముందుకు వచ్చింది. మీ కేసు ఆ ప్రశ్నలోనే ఉంది.

న్యాయం మీ వైపు ఉన్న చోట్లు చెబుతాను. 1972లో వెస్టన్ కేసులో న్యూజెర్సీ సుప్రీం కోర్టు, చీఫ్ తిరస్కరించే ముందు దరఖాస్తుదారుడితో విషయం మాట్లాడి, అభ్యంతరాలు చెప్పి, జవాబిచ్చే అవకాశం కల్పించాలని చెప్పింది. కోర్టులో జరిగే విచారణ చీఫ్ నిర్ణయానికి ముద్ర వేసే తంతు కాదు. జడ్జి మొదటి నుంచి తానే చూస్తారు. చెప్పుడు సాక్ష్యం వినవచ్చు గానీ, దాని మీద మాత్రమే ఆధారపడి తిరస్కరణను నిలబెట్టకూడదు. తర్వాతి తీర్పుల ప్రకారం తగిన కారణం ఉందని నిరూపించే భారం చీఫ్‌దే. కాబట్టి ఆ కస్టమర్ కోర్టుకు రాకుండా, ఫిర్యాదు కాగితం ఒక్కటే చదివితే, మీరు దాన్ని గట్టిగా ప్రశ్నించవచ్చు.

ఇప్పుడు ప్రమాదం ఎక్కడుందో కూడా చెప్పాలి. అదే సి(5) మీ ఐడీ కార్డుకూ వర్తిస్తుంది. క్యారీ పర్మిట్ విషయంలో కోర్టుకు వెళ్లినవారి ఐడీ కార్డును కూడా రద్దు చేయమని ప్రాసిక్యూటర్లు అడిగిన సందర్భాలు నేను చూశాను. అలా జరిగితే ఉన్న పిస్టల్ కూడా అప్పగించాలి. రుసుము లేదు, ఫారం అక్కర్లేదు అన్నది నిజమే. అయినా మీ విషయంలో లాయరు లేకుండా వెళ్లవద్దని నా అభిప్రాయం. తుపాకీ పర్మిట్ల పని తెలిసిన న్యూజెర్సీ లాయరు కావాలి. ఇమిగ్రేషన్ చూసే లాయరు మీ ఎన్-400, అంటే పౌరసత్వ దరఖాస్తు కోసం వేరుగా ఉంటే ఉండనివ్వండి.

ఊరి పెద్ద:
అన్నీ సరే గానీ, మన సంఘంలో మేయరుతో కలిసి ఫోటోలు దిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరితో చీఫ్‌కు చెప్పిస్తే సరిపోదా? మన దేశంలో ఆయుధ లైసెన్సు కావాలంటే కలెక్టరు గారికో కమిషనరు గారికో ఎవరో ఒకరు చెప్పాల్సిందే కదా.

కోర్టు మెట్లు:
వద్దండీ. విచారణలో ఉన్న వ్యవహారంలో చీఫ్‌కు చెప్పించడం బయటపడితే, రారిటన్ గారి స్వభావం మీదే అది కొత్త ఆరోపణ అవుతుంది. మీరు మేలు చేయాలని అన్నారని తెలుసు. ఆయన నిజాయతీకి సాక్ష్యం చెప్పగలవారు ఎవరైనా ఉంటే వారు కోర్టుకు రావాలి, అంతే.

నాలుగో సంతకం:
రిఫరెన్సుల గురించి ఒక మాట. రక్తసంబంధం, పెళ్లి సంబంధం లేనివారై, కనీసం మూడేళ్లుగా తెలిసినవారై ఉండాలి. నేను ఒక మిత్రుడికి రిఫరెన్సుగా ఉన్నాను. ప్రశ్నావళి లింకు మెయిల్‌లో వచ్చి నేరుగా స్పామ్ పెట్టెలో పడింది. అది తెలియక ఆయన దరఖాస్తు వారాల తరబడి ఆగిపోయింది. రిఫరెన్సు ఇచ్చేవారికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మనవాళ్లలో కొందరు పోలీసు ఫోన్ చేయగానే భయపడి "నాకు అంతగా తెలియదు" అనేస్తారు. ఆ ఒక్క మాట దరఖాస్తుదారుడికి ఎంత నష్టం చేస్తుందో వారికి తెలియదు. అలాంటివారు ముందే నేను చేయలేనని చెబితే మర్యాదగా ఉంటుంది.

ఒక్క పేరు:
నాది వేరే రకం తిరస్కరణ. నా భారతీయ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని వేశారు. డ్రైవింగ్ లైసెన్సులో ఒక రకం, గ్రీన్ కార్డులో ఒక రకం, బ్యాంకులో ఒక రకం. పెన్సిల్వేనియాలో పిస్టల్ కొనబోతే నేపథ్య తనిఖీలో ఆగిపోయింది. అదే పేరు, అదే పుట్టిన ఏడాది ఉన్న మరొకరి రికార్డు నాకు అంటింది. మన ఇంటిపేర్లు, రెడ్డి, రావు, నాయుడు వంటి చివరి పేర్లు వేలమందికి ఒకటే కావడం వల్ల ఇది ఎవరికైనా జరగవచ్చు.

ఎఫ్‌బీఐ దగ్గర మన సొంత రికార్డు ప్రతి 18 డాలర్లకు తెప్పించుకోవచ్చు, వేలిముద్రలు ఇవ్వాలి. అది చేతిలో ఉంటే ఎవరి రికార్డు ఎవరిదో తేలుతుంది. రాష్ట్రం తానే తనిఖీ చేసే చోట ముందు రాష్ట్ర పోలీసుకే సవాలు పంపాలి, నేనూ అలాగే చేశాను. ఎఫ్‌బీఐ తిరస్కరణ అయితే దానికి వేరే అప్పీలు పద్ధతి ఉంది. పదే పదే ఆగిపోయేవారు స్వచ్ఛంద అప్పీలు ఫైలు కింద ఒక ప్రత్యేక నంబరు తీసుకుంటే, తర్వాతి కొనుగోళ్లలో దాన్ని ఫారం మీద రాయవచ్చు. దరఖాస్తుకు ముందే పేర్లన్నీ ఒక తీరుకు తెచ్చుకోండి. లేకపోతే "ఇతర పేర్లు" అన్న గడిలో అన్నీ రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే దాచినట్లు చూస్తారు.

గోదావరి గట్టు:
నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. మా తమ్ముడు ఇలాంటి కొట్టే నడుపుతాడు. వాడు దరఖాస్తు పెడతానంటే నేను వద్దని పట్టుబట్టాను. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నగదు సంచి కోసం వచ్చిన కుర్రవాడి చేతిలో తుపాకీ ఉంటే, మన జేబులో ఉన్నది బయటికి తీసేలోపే అంతా అయిపోతుంది. వాడు డ్రాప్ సేఫ్, అంటే డబ్బు లోపల వేయడమే గానీ తాళం లేకుండా తీయలేని ఇనప్పెట్టె పెట్టించాడు, దాని తాళం బ్యాంకు బండి మనిషి దగ్గరే ఉంటుంది. తలుపు మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. వెనక పార్కింగ్‌లో లైట్లు వేయించాడు. రాత్రి ఇద్దరు కలిసే కొట్టు కడతారు. సంచి బయటికి రాకపోతే సంచి కోసం ఎవరూ కాపు కాయరు. రారిటన్ అన్నయ్యా, మీ హక్కు కాదనడం లేదు. పర్మిట్ వచ్చేలోపు ఇవైనా చేయించండి.

రారిటన్ తీరం:
అమ్మా, మీ మాటలో తప్పేమీ లేదు. సేఫ్ సంగతి రేపే కనుక్కుంటాను. మా అమ్మాయి బడిలో ఉంది, అందుకే ఇంట్లో వేలిముద్రతో తెరుచుకునే పెట్టె పెట్టాను.

పాత కాపు:
గట్టు గారు చెప్పినదానికి చట్టం కూడా తోడుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకీ వదిలేసి, అది వారి చేతికి చిక్కితే న్యూజెర్సీలో నేరం. పెట్టె కొన్న రసీదు కోర్టుకు తీసుకెళ్లండి. జాగ్రత్తగల మనిషి అని జడ్జికి చెప్పే కాగితం అది.

కన్నతల్లి:
నాకు చాలా రోజులుగా ఉన్న సందేహం. మా వారికి కొన్నేళ్ల కిందట ఉద్యోగం పోయినప్పుడు డిప్రెషన్ వచ్చి కొన్ని నెలలు మందులు వాడారు. ఇప్పుడు పూర్తిగా బాగున్నారు. ఫారంలో మానసిక చికిత్స గురించి అడుగుతున్నారు. "అవును" అంటే రాదని, ఎవరికీ తెలియదు కాబట్టి "కాదు" అని రాయమని అందరూ అంటున్నారు.

కోర్టు మెట్లు:
అలా రాయనివ్వవద్దు. ఫారంతో పాటు మానసిక ఆరోగ్య రికార్డులు వెతకడానికి అనుమతి పత్రం మీద సంతకం తీసుకుంటారు. తెలిసి అబద్ధం రాయడం దానికదే తిరస్కరణకు చాలిన కారణం. డిప్రెషన్‌కు మందులు వాడినంత మాత్రాన అనర్హత రాదు. చికిత్స చేసిన డాక్టరు దగ్గర, ప్రస్తుత పరిస్థితి గురించి ఒక ఉత్తరం తీసుకుని దరఖాస్తుతో జత చేయండి. మన ఇళ్లలో ఈ విషయం దాచే అలవాటు ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. చికిత్స తీసుకున్నవాడు ధైర్యవంతుడు, అది రాయడానికి ఆయన సిగ్గుపడనక్కర్లేదు.

పాత కేసులను తుడిపించుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. చదువుకునే రోజుల్లో మాల్‌లో జరిగిన దొంగతనం కేసు ఎక్స్‌పంజ్ అయిందని, అది లేనట్టే అనుకుంటారు. 2023లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు, ఎక్స్‌పంజ్ అయిన వ్యవహారం వెనక ఉన్న వాస్తవాలను కూడా తుపాకీ దరఖాస్తులో పరిగణించవచ్చని చెప్పింది. ఇమిగ్రేషన్ దరఖాస్తుల్లో అయితే అది ఎలాగూ చెప్పాల్సిందే. రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. గంజాయి గురించి కూడా ఒక మాట. న్యూజెర్సీలో కొట్టుకు వెళ్లి కొనుక్కోవచ్చు, కానీ ఫెడరల్ చట్టంలో వాడేవారికి తుపాకీ నిషేధం, ఫారం 4473లో ఆ హెచ్చరిక అచ్చువేసి ఉంది.

వర్జీనియా వాకిలి:
మా దగ్గర పర్మిట్ ఇచ్చేది పోలీసు కాదు, సర్క్యూట్ కోర్టు. రుసుములన్నీ కలిపి 50 డాలర్లకు మించకూడదు, 45 రోజుల్లో తేల్చాలి. తిరస్కరిస్తే 21 రోజుల్లో జడ్జి ఎదుట నోటిమాటగా వినిపించుకునే విచారణ కోరవచ్చు. ఒక రాష్ట్రంలో 30 రోజులు విని ఇంకో రాష్ట్రంలో అదే అనుకుని కూర్చున్నవారికి గడువు దాటిపోతుంది. ఎవరి రాష్ట్రం వారు చూసుకోండి.

రారిటన్ తీరం:
చాలా వారాల తర్వాత రాస్తున్నాను. కొందరు వ్యక్తిగతంగా కూడా సందేశాలు పంపారు, అందరికీ కృతజ్ఞతలు.

లాయరును పెట్టుకున్నాను. అర్జీ గడువులోపే వేశాం. మున్సిపల్ కోర్టు నుంచి కేసు కొట్టేసినట్లు ముద్రతో ఉన్న పత్రం తెచ్చాను. కొట్టు కెమెరా దృశ్యాలు ఇప్పుడు దొరకవు అనుకున్నాం గానీ, అప్పటి లాయరు ఫైలులో ఒక ప్రతి ఉంది. అందులో నేను తలుపు దగ్గర చేయి అడ్డం పెట్టడం, అతను నన్ను నెట్టడం స్పష్టంగా కనిపిస్తాయి. పాత కాపు గారు చెప్పినట్లు ఐడీ కార్డు ఇచ్చిన కాలపు కాగితాలు కూడా జత చేశాం.

విచారణలో చీఫ్ తరఫున వచ్చిన అధికారి రిపోర్టు చదివాడు. ఫిర్యాదు చేసిన మనిషి రాలేదు. తిరస్కరించే ముందు ఎవరైనా నాతో మాట్లాడారా అని మా లాయరు అడిగితే, ఆ అధికారి లేదన్నాడు. తర్వాత జడ్జి ఆ రాత్రి ఇంటికి పోలీసులు వచ్చిన సంగతి నా భార్యను అడిగారు. ఆమెకు ఇంగ్లీషు వచ్చు గానీ కోర్టులో తడబడుతుందని కోర్టు వారే ఉచితంగా తెలుగు దుబాసీని ఏర్పాటు చేశారు. పొలం ఎవరిది, ఎన్ని వాటాలు, మీ బావగారు ఏ ఊళ్లో ఉంటారు అని జడ్జి వరసగా అడిగారు. ఆమె తొణకకుండా చెప్పింది. "గొంతు పెద్దది గానీ, మా ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవలేదు" అంది. దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాక జడ్జి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఐడీ కార్డు రద్దు చేయమని ప్రాసిక్యూటర్ అడగలేదు, ఆ భయం మాత్రం ఆఖరి నిమిషం దాకా ఉంది.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. పర్మిట్ ఇవ్వమని ఉత్తర్వు జారీ అయింది. డ్రాప్ సేఫ్ కూడా పెట్టించాను గట్టు గారూ, వెనక లైట్లు వేయించాను.

కోర్టు మెట్లు:
చాలా సంతోషం. ఉత్తర్వు ధ్రువీకరించిన ప్రతులు రెండు మూడు తీసుకోండి. ఎన్-400 ఇంటర్వ్యూకు ఆ దాడి ఫిర్యాదు పత్రంతో పాటు ఇదీ వెంట ఉండాలి. ఒకవేళ వ్యతిరేకంగా వచ్చి ఉంటే 45 రోజుల్లో అప్పీలు డివిజనుకు వెళ్లాల్సి ఉండేది. చదివేవారి కోసం ఆ గడువు కూడా రాస్తున్నాను.

పాత కాపు:
అభినందనలు. పర్మిట్ గడువు రెండేళ్లే, ముగిసే నెలల ముందే పునరుద్ధరణకు పెట్టండి. ఇది న్యూజెర్సీ వరకే చెల్లుతుంది. డెలావేర్ వంతెన దాటి పెన్సిల్వేనియాలో గుడికి వెళ్లినా, హడ్సన్ దాటి న్యూయార్క్ వెళ్లినా చెల్లదు. న్యూజెర్సీ లోపల కూడా ఎక్కడెక్కడ తీసుకెళ్లకూడదో చట్టంలో పొడవైన జాబితా ఉంది. దానిలో కొన్ని అంశాల మీద ఫెడరల్ కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, మారుతూ ఉంటాయి. కొత్త చోటికి వెళ్లే ముందు స్టేట్ పోలీస్ వారి తాజా ప్రకటన చూసుకోండి.

కొత్త వసంతం:
నేను పార్ట్‌నర్‌తో మాట్లాడాను. ఆయన పౌరుడు, దరఖాస్తు ఆయనే పెడుతున్నారు. నేను బంకులో ఉన్నప్పుడు ఆయన పిస్టల్ అక్కడ ఉండవచ్చా?

కోర్టు మెట్లు:
ఆయన దాన్ని తన వెంటే ఉంచుకుంటే సమస్య లేదు. ఆయన ఇంటికి వెళ్తూ మీ ఇద్దరికీ తాళం తెలిసిన సొరుగులో వదిలి వెళ్తే అది మీ అధీనంలో ఉన్నట్లు వాదించే అవకాశం ఉంది. తాళం, కోడ్ రెండూ ఆయన ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆ పెట్టెను మీరు ఏ కారణంతోనూ ముట్టుకోవద్దు.